పూలకు రెయిన్‌కోట్లు

లంచ్ బెల్ మోగింది. పిచ్చుక టిఫిన్ డబ్బా మూతైనా తీయకుండా స్కూలు వెనక ఉన్న రాళ్ళగుట్ట వైపు పరుగెత్తింది. ఎప్పుడూ గలగలా మాట్లాడుతుంది కాబట్టి ఆ పిల్లకు ఆ పేరు.

గుట్ట అడుగున రాళ్ళ సందుల్లో పదకొండు మొక్కలున్నాయి. జానెడు ఎత్తు. వాటి పసుపు పూలు చామంతికి చిట్టి చెల్లెళ్ళలా ఉండేవి.

"ఇవి చాలా అరుదర్రా," అని అవి పూసినప్పుడు సైన్స్ టీచర్ చెప్పింది. "మొలిచి, పూసి, గింజలిచ్చి, ఆ ఏడాదే ఎండిపోతాయి. మళ్ళీ పూలు చూడాలంటే ఆ గింజలే దిక్కు."

ఇప్పుడు గింజలకు తెల్లటి దూదికుచ్చులు వచ్చాయి. చూస్తుండగానే ఒకటి గాలికి లేచిపోయింది. పిచ్చుక అందుకోబోయింది, దొరకలేదు. అన్నీ ఇలాగే పోతే?

పిచ్చుక వాళ్ళ నాన్న టైలర్. ఆ సాయంత్రం ఆయన మిషన్ కింద గుడ్డముక్కలు ఏరింది.

"ఏంటమ్మా, బొమ్మకు గౌనా?"

"కాదు నాన్నా, పూలకు సంచులు. రెయిన్‌కోటు గుడ్డతో కుట్టు. వానకు తడవకూడదు, ఒక్క గింజా పోకూడదు."

పది సంచులకే ఆ గుడ్డ అయిపోయింది. పదకొండోది పల్చటి దోమతెర ముక్కతో కుట్టాడు.

పొద్దున్నే సంచులు పట్టుకుని, "పోతున్నా నాన్నా!" అని అరిచింది.

"పోతున్నా ఏంటే? వెళ్ళొస్తా అనాలి. ఎన్నిసార్లు చెప్పాలి?"

"సరే, వెళ్ళొస్తా!"

గుట్ట దగ్గర, అందరూ కళ్ళజోడు అని పిలిచే స్నేహితుడు పడీపడీ నవ్వాడు. "పూలకు టోపీలా! మేజోళ్ళు మర్చిపోయావే?"

"ఇకిలించింది చాలు గానీ, దారం పట్టుకో."

వారం రోజులు ముసురు పట్టింది. ఎండ రాగానే పిచ్చుక మొదటి సంచి విప్పింది. ముక్కిన వాసన గుప్పుమంది. గింజలు నల్లగా బూజు పట్టి ముద్దయిపోయాయి. రెండోదీ అంతే. పదోదీ అంతే.

పిచ్చుక నేరుగా టీచర్ దగ్గరికి వెళ్ళి, "టీచర్, నేనే పాడుచేశాను," అని ఏడ్చేసింది.

టీచర్ వచ్చి చూసింది. "లోపలి చెమ్మ బయటికి పోలేదు, గాలి లోపలికి రాలేదు," అంది మెల్లగా. "పదకొండోది చూశావా?"

దోమతెర సంచిలో గింజలు పొడిగా, తెల్లగా మెరుస్తున్నాయి.

"హమ్మయ్య! నీ టిఫిన్ డబ్బాలో పెట్టి దాచేసుకో," అన్నాడు కళ్ళజోడు.

పిచ్చుక చెయ్యి డబ్బా మీదికి వెళ్ళి ఆగింది. బూజు పట్టిన సంచుల వైపు చూసింది. తర్వాత వంగి, దారం ముడి విప్పి దోమతెర సంచి తీసేసింది.

గాలి వీచింది. కుచ్చులన్నీ ఒక్కసారిగా లేచాయి. కొన్ని రాళ్ళ మీదుగా, కొన్ని టీచర్ కొప్పు మీదుగా సాగాయి. ఒకటి కళ్ళజోడు అద్దం మీద వాలింది.

"అయ్యో, అన్నీ పోతున్నాయే!" అన్నాడు వాడు.

"పోతున్నాయేంట్రా?" పిచ్చుక ఆ గింజను వేలి కొసకు ఎక్కించుకుని, ఉఫ్‌మని ఊది, చెయ్యి ఊపింది. "వెళ్ళొస్తాయి!"