వదలని రెండు వేళ్ల గుడ్డ

అత్తగారి నైటీ చంకల దగ్గర బిగిసింది. రెండు నెలల కిందట ఎముకల గూడై మంచానికి అతుక్కుపోయిన మనిషి ఇప్పుడు ఒళ్లు చేస్తుంటే ఏ కోడలైనా సంతోషించాలి. ఈ కోడలికి మాత్రం గుండె జారిపోయింది. కాస్త కుట్టు విప్పి వదులు చెయ్యమని అత్తగారు నైటీ చేతికిచ్చింది. విప్పడానికి లోపల గుడ్డేది...

ఆ ఇంటి ముందుగదే కుట్టు షాపు. ముప్పై ఏళ్లు అత్తగారు కుట్టింది, పదేళ్లుగా కోడలు కుడుతోంది. సూదిలో దారం ఎక్కించడం కూడా రాని కొత్తకోడలికి ఆవిడ నేర్పిన మొదటి పాఠం ఒకటే. ఎవరి బట్టయినా పక్క కుట్టు లోపల రెండు వేళ్ల గుడ్డ వదలాలి, బతికే మనిషి రేపు లావెక్కుతుంది!

జబ్బు ముదిరి డాక్టరు పెదవి విరిచిన రోజుల్లో కోడలు ఈ నైటీ కత్తిరించింది. పక్కబట్టలు ఉతికి, వంట చేసి, ఆలస్యమైందని గిరాకీల చేత మాటలు పడి, నడుము విరిగిపోతున్న మధ్యాహ్నమది. ఇంకెన్నాళ్లులే... త్వరగా పోతే నేను ఊపిరి పీల్చుకుంటాను అనుకుంది. కత్తెర ఆ రెండు వేళ్ల గుడ్డనూ కోసేసింది. పైకి ఒక్క మాట అనలేదు. మందు వేళ తప్పలేదు, వేన్నీళ్లు తప్పలేదు. అయినా తను చేసేదంతా దొంగ సేవేనని అప్పటినుంచీ లోలోపల కుమిలిపోతూనే ఉంది.

గుడ్డ ఉతుకులో కుంచించుకుపోయిందనే అబద్ధం నోటిదాకా వచ్చింది. కుట్టు సంగతిలో ఈవిడకు అబద్ధం చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. మంచం పక్కన నేల మీద కూలబడి ఉన్నదంతా చెప్పేసింది.

"నేను మీ చావు కోరుకున్నాను అత్తయ్యా..."

అత్తగారు నైటీ అంచును వేళ్ల మధ్య నలిపింది.

"తొడిగిన రోజే లోపల గుడ్డ లేదని చేతికి తెలిసిందే. విప్పమన్నది నువ్వే చెబుతావేమోనని" అంది. "ఆ రోజు మాత్రం, ఇది నా పోకకు ఎదురుచూస్తోంది అనుకున్నా. ఆ పూట నువ్విచ్చిన మాత్ర మింగకుండా దవడన పెట్టుకున్నా... ఏం కలిపావోనని."

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నువ్వేమో నా మూతి తుడుస్తున్నావు. సిగ్గేసి ఆ చేదంతా మింగేశా. నేననుకున్నది తప్పు కాదా? తప్పే. నీదీ తప్పే. కానీ నీ తప్పు రెండు వేళ్ల గుడ్డను తిన్నది, నన్ను తినలేదు. రోజుకు ఆరుసార్లు పక్క మార్చి, ఒంటి మీద ఒక్క పుండు లేకుండా లేపి కూర్చోబెట్టింది ఈ చేతులే కదమ్మా. నీ వల్లే బతికాను."

ఇద్దరూ కరువుతీరా ఏడ్చారు. తర్వాత అత్తగారు ముక్కు తుడుచుకుని, రెండు పక్కలా పట్టీలు వెయ్యమంది, ముక్కల సంచిలో ఏ రంగు దొరికినా సరేనంది. సాయంత్రానికి నీలం నైటీకి పసుపు పట్టీలు పడ్డాయి. ఆవిడ తొడుక్కుని, అలవాటుగా లోపలి కుట్టు తడిమి చూసింది.

"రెండు వేళ్లు చాలని కదా నేర్పాను, నాలుగు వదిలావేమే?"

"మీరింకా లావెక్కాలి అత్తయ్యా" అంది కోడలు, రెండు నెలల తర్వాత మొదటిసారి ఆవిడ కళ్లలోకి చూస్తూ.