బయటి ముక్కు జోలికి పోవద్దు

"ఏ ఆపరేషనండీ?" అంది ఆసుపత్రి కౌన్సిలర్.

"ముక్కు ఆపరేషన్," అన్నాడు వడ్రంగి.

"ముక్కుకేలెండి. అందులో ఏది?"

వడ్రంగికి చిర్రెత్తుకొచ్చింది. డాక్టరు సన్నటి గొట్టం కెమెరా దూర్చి ముక్కంతా గాలించి, ఆపరేషన్ చేయించుకుంటే మంచిదని ఈ గదికి పంపాడు. ఈ అమ్మాయేమో మళ్ళీ మొదటికి తెచ్చింది.

"డాక్టరుగారు మీకు చెప్పలేదా?"

"నాకు చెప్పారు. మీకేం అర్థమైందో తెలియాలిగా. ఇక్కడి పద్ధతి అంతే. తన ముక్కుకి ఏం చెయ్యబోతున్నారో పేషెంటు తన మాటల్లో తిరిగి చెప్పాలి. చెప్పేదాకా తేదీ ఇవ్వం."

"చెప్పకపోతే గోడకుర్చీ వేయిస్తారా?"

పక్కనున్న తల్లి మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. "మర్యాదగా మాట్లాడరా! అమ్మాయ్, వాడి మాటలు పట్టించుకోకు. పగలంతా షాపులో రంపం, పడుకుంటే ముక్కులో రంపం. వీడి గురకకి పక్కింటివాళ్ళు కూడా లేచి కూర్చుంటున్నారు."

కౌన్సిలర్ నవ్వు మింగేసి, బల్ల మీది ప్లాస్టిక్ ముక్కు బొమ్మను రెండుగా విప్పింది.

"రెండు రంధ్రాల మధ్య ఈ గోడ పేరు సెప్టమ్. మీది ఎడమవైపుకి ఒరిగిపోయింది. దాన్ని సరిచేస్తే సెప్టోప్లాస్టీ. పక్కగోడలకి మెత్తటి మడతలు కనిపిస్తున్నాయా? టర్బినేట్లు. మీకు కుడివైపుది ఉబ్బింది. దాన్ని తగ్గించడం టర్బినేట్ రిడక్షన్. ఇక రైనోప్లాస్టీ అనేది ముక్కు బయటి ఆకారం మార్చడానికి. అది మీకు రాయలేదు. ఇప్పుడు మీరు చెప్పండి."

"సెప్టో... టర్బో..."

"పేర్లకి నోరు తిరక్కపోతే పోనీండి. పని చెప్పండి."

పని అనేసరికి వడ్రంగి కుర్చీలో ముందుకు జరిగాడు. "రెండు గదుల మధ్య చెక్క పార్టిషన్ వంగిపోయింది. గుమ్మంలోంచే లోపలికెళ్ళి, వంగినచోట చెక్కి నిటారుగా నిలబెడతారు. బయటి గోడ మీద గీత కూడా పడదు. కుడి గదిలో తలుపేమో వానకి ఉబ్బి బిగుసుకుపోయింది. దాన్ని కాస్త చిత్రిక పట్టాలి."

"తలుపు మొత్తం పీకి పారేస్తే?"

"దుమ్మంతా ఇంట్లోకే కదా మేడమ్!"

"అదీ! పీల్చే గాలిని ఆ మడతలే వెచ్చబరుస్తాయి, తడి చేస్తాయి. అందుకే మొత్తం తియ్యరు." ఆమె గొంతులో హుషారు వచ్చింది. "ఇంకేమవుతుంది?"

"గురక ఆగిపోతుంది."

"అది తప్పు. తగ్గొచ్చు. పూర్తిగా పోతుందని మాటివ్వలేం."

తల్లి ముఖం వాడిపోయింది. కొడుక్కి తేదీ మాత్రం దొరికింది.

ఆ తర్వాత వడ్రంగికి పనిలో చెయ్యి సాగలేదు. కొలత ఒకటి తీసి కోత ఇంకోటి కోశాడు. కొన్నేళ్ళ కిందట ద్వారబంధం జారి మీద పడినప్పుడే అతని ముక్కు ఒరిగింది. ఇన్నాళ్ళూ దాన్ని గురించి అతనికి ఏ బెంగా లేదు. ఇప్పుడు షాపులో అద్దాల బీరువా ముందునుంచి వెళ్ళినప్పుడల్లా ఆగి, ఎడమనుంచి ఒకసారి, కుడినుంచి ఒకసారి చూసుకుంటున్నాడు. ఆ అమ్మాయి మాట్లాడినంతసేపూ చూపు ముక్కు మీంచి తియ్యలేదు మరి.

ఒకరోజు జోరువానలో తడిసి ముద్దై మళ్ళీ కౌన్సిలర్ గదికి వచ్చాడు, ఈసారి తల్లి లేకుండా.

"ఆ రైనోప్లాస్టీ కూడా కలిపెయ్యండి."

"ఎందుకు?"

"చూడ్డానికి బాగుంటుందని."

"చూసేదెవరు?"

వడ్రంగి జుట్టులోంచి నీళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఇంతకన్నా డాక్టరు గొట్టమే నయమనిపించింది.

"అది చిన్న పని కాదండీ," అందామె. "ఎముకని, మృదులాస్థిని మార్చి కొత్త ఆకారం తేవాలి. వాపు పూర్తిగా దిగడానికి ఏడాది పట్టినా పట్టొచ్చు. ఎవరో ఏదో అనుకుంటారని చేయించుకుంటానంటే, ఇంటికెళ్ళి ఆలోచించుకోమంటాను. మీ ముక్కు మీకు నచ్చలేదా?"

"నాకేం! నాకు బాగానే ఉంది."

"మరి?"

చెప్తే పరువు పోతుంది. చెప్పకపోతే ఈమె కదలనివ్వదు. గుండె చిక్కబట్టుకున్నాడు.

"ఒకరు నాతో మాట్లాడినంతసేపూ ముక్కుకేసే చూస్తారు. కళ్ళలోకి ఒక్కసారీ చూడరు. ఆ వంకర చూడలేక చస్తున్నారేమో అనిపించింది. నచ్చేలా చేసుకుంటే..."

"ఎవరా ఒకరు?"

"ఇప్పుడు కూడా అటే చూస్తున్నారు."

బయట వాన దంచుతోంది. కౌన్సిలర్ బొమ్మ ముక్కును మళ్ళీ బిగించబోయి తలకిందులుగా పెట్టింది. తీసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ తలకిందులే.

"కళ్ళలోకి చూస్తే చెప్పాల్సింది మర్చిపోతానని భయమండీ," అంది నెమ్మదిగా. అని, మొదటిసారి తల పైకెత్తి చూసింది. నిజంగానే ఆ తర్వాత ఏం చెప్పాలో మర్చిపోయింది.

కాసేపటికి తేరుకుని లేచి, పక్కగదిలోని సీనియర్‌ను పిలిచింది. "అక్కా, ఈ కేసు మీరు చూడండి."

"ఏం, గొడవపడ్డాడా?"

"లేదక్కా. ఈయన ముక్కు విషయంలో ఇంక నా సలహా చెల్లదు."

సీనియర్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఓహో! నువ్వు బయటికి పదమ్మా," అని తలుపు వేసి కూర్చుంది. "చెప్పు బాబూ, ఏం చేయించుకుంటున్నావ్?"

"పార్టిషన్ నిలబెట్టడం, తలుపు చిత్రిక పట్టడం. అంతే. బయటి ముక్కు జోలికి పోవద్దు."

"ఆ పిల్ల చెప్పిందనా?"

"కాదు మేడమ్. దీనితో నాకెప్పుడూ పేచీ లేదు. లేనిపోనిది ఊహించుకుని చెడగొట్టుకోబోయాను."

సీనియర్ సరేనంది.

ఆపరేషన్ రోజు పొద్దున్న థియేటర్ బయట, బంధువుల బెంచీ మీద తల్లి ఒక్కతే కూర్చుంది. కౌన్సిలర్ వచ్చి ఎదురుగా నిలబడింది. తెల్లకోటు లేదు, మెళ్ళో కార్డూ లేదు.

"డ్యూటీ లేదా అమ్మాయ్?"

"సెలవు పెట్టానండీ."

తల్లి థియేటర్ తలుపు వంక చూసింది, ఆమె వంక చూసింది. పక్కనున్న సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"కూర్చో. బయటికి తెచ్చాక ముక్కు నిండా ఏవో పెట్టి ఉంటారట. నోటితో గాలి పీల్చుకోడానికే వాడికి సరిపోతుంది, మాట్లాడలేడు. ఏదైనా అడగాలంటే నన్నడుగు."

"మీకు ఇష్టమేనా అనే అడగాలండీ," అంది కౌన్సిలర్, తలొంచుకుని.

"కూర్చోమన్నాగా!" అని తల్లి ఆమె చెయ్యి పట్టి లాగి పక్కన కూర్చోబెట్టుకుంది.