సూర్యం వాటా ముక్క

సముద్రం పోటెక్కి వేట ఆగిపోయింది. సంతబొమ్మాళి అవతలి ఆ పల్లెలో తెప్పలన్నీ ఒడ్డుకెక్కి పడుకున్నాయి. పనిలేని మగాళ్లు ఏం చేస్తారు? వలల పాకలో పేకాట. బైరాగి, అతని బావమరిది చిన్నారావు, పెద్దాయన సన్యాసయ్య ఇసకలో గుండ్రంగా కూర్చున్నారు. నాలుగో చోటు ఖాళీ.

అది బైరాగి తమ్ముడు సూర్యానిది. కిడ్నీలు పాడై, కిందటి వారమే చనిపోయాడు. సారా చుక్క ముట్టని పిల్లాడు. ఉద్దానంలో ఇంటింటా ఇలాగే పోతున్నారు. నీళ్లన్నారు, మందులన్నారు, తలరాతన్నారు. ఇదీ కారణమని చెప్పిన నాథుడు లేడు. అలా చెప్పిపోయేవాళ్ల ఇళ్లలోంచి శవం లేవలేదు కదా!

వాళ్లాడేది అందరూ ఆడే మూడు ముక్కలు కాదు. తలా ఒక్క ముక్కే. చూసుకోకుండా తలగుడ్డలో, నుదుటి మీద, బయటికి కనబడేలా దోపుకోవాలి. నీ ముక్క అందరికీ కనబడుతుంది, నీకు తప్ప. ఎదుటివాళ్ల ముక్కలూ మొహాలూ చూసి నీదేదో పసిగట్టాలి. ఆడతానంటే జీడిపిక్క ముందుకు తోయాలి. భయమేస్తే ఒగ్గేయాలి, అంటే ఆ ఆట వదులుకోవాలి. చివరిదాకా నిలిచినవాళ్లలో పెద్ద ముక్క ఎవరిదైతే పిక్కలన్నీ వాళ్లవి. అన్నిటికన్నా ఆసు పెద్దది. నుదుట ఆసు పెట్టుకుని ఒగ్గేసినవాడు మాత్రం తలా రెండు పిక్కలు తప్పు కట్టాలి, నవ్వులపాలూ కావాలి. ఎవరి ముక్కా ఎవరికీ చెప్పకూడదు. అది కట్టు.

అన్నదమ్ములు ఆ కట్టు తప్పేవాళ్లు. అన్న ముక్క చిన్నదైతే సూర్యం కాలి బొటనవేలితో ఇసక గీరేవాడు, ఒగ్గేయమని. అన్నంటే వాడికి ప్రాణం. బైరాగి వస్తుంటే పక్కనే ఇసకని అరచేత్తో సాపు చేసి చోటిచ్చేవాడు.

"ముగ్గురితో ఆటేటిరా? పదో రోజుదాకా పోయినోడి వాటా తీత్తాం కదా. ముక్క కూడా ఎయ్యండి" అన్నాడు సన్యాసయ్య.

తెప్ప మీద ఆచారం అది. కర్మ అయ్యేదాకా చనిపోయినవాడి వాటా ఆగదు. కానీ చేపల వాటా ఇంటికి పోతుంది. ముక్క ఎక్కడికి పోతుంది? ఆ సంగతి ముగ్గురికీ తట్టలేదు.

సూర్యం ఆనుకునే రాటకి వాడి తుండుగుడ్డ చుట్టి, అందులో ముక్క దోపారు. రాట ముందు గుప్పెడు పిక్కలు పోశారు. తామూ తలా ఒక ముక్క నుదుట దోపుకున్నారు.

"ఏరా సూర్యం, సచ్చినా పేకాట మానవేటిరా!" చిన్నారావు నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

బైరాగి పాదాలు ఇసకలో పూడ్చుకున్నాడు. వాచిన సంగతి కనబడకుండా. పలాసలో పరీక్షకి రక్తం ఇచ్చొచ్చాడు. నిన్న ఫలితం కోసం డాక్టరు దగ్గరికి చిన్నారావే వెళ్లాడు. "ఏటీ నేదు బావా, బలానికి మాత్తర్లేసుకో" అన్నాడు. అంటూ పక్కకి చూశాడు.

నాకూ వచ్చిందా? కూతురు పావని ఇంకా పలక పట్టుకునే ఈడుది. బైరాగికి తెలియాల్సింది ఆ ఒక్క మాటే.

మబ్బు కమ్మి మధ్యాహ్నమే చీకటి పడింది. పాకలో బుడ్డి దీపం పెట్టారు. తడి వలల కంపు. దాని అడుగున ఇంకేదో వాసన... చివరి రోజుల్లో సూర్యం నోటినుంచి వచ్చిన వాసన. ఉచ్చకంపు కలిసిన ఊపిరి. బైరాగి తలెత్తాడు.

చిన్నారావు అతని నుదుటి వంక చూస్తున్నాడు. కళ్లు నీళ్లతో నిండాయి.

"అంత సిన్న ముక్కేటిరా నాది?" అడిగాడు బైరాగి.

"సెప్పకూడదు కదా..."

టక్. రాట ముందు ఒక పిక్క కదిలింది.

"గాలి" అన్నాడు సన్యాసయ్య. దీపం మాత్రం నిటారుగా వెలుగుతోంది.

టక్. ఇంకొకటి.

తర్వాత... చప్పుడు.

గర్... గర్...

రాట మొదట్లో ఇసక గీరుకుంటోంది. ఎవరూ లేరు. ఇసకలో గీత పడుతోంది. బొటనవేలంత గీత.

బైరాగికి భయం కన్నా ముందు ఏడుపు వచ్చింది.

"ఒగ్గేమంటావేటిరా తమ్ముడూ?" గుసగుసగా అడిగాడు.

గర్... గర్... గర్...

"సరే. ఒగ్గేత్తన్నాను."

తలగుడ్డలోంచి ముక్క తీసి దీపం దగ్గర పెట్టాడు.

ఆసు.

ఎవరూ నవ్వలేదు. తప్పు పిక్కలు ఎవరూ అడగలేదు.

"ఆడు నీకెప్పుడూ తప్పు సెప్పనేదురా..." అన్నాడు సన్యాసయ్య.

బైరాగి మెల్లగా బావమరిది వైపు తిరిగాడు. "నీ ఏడుపు ముక్కని సూసి కాదన్నమాట. డాక్టరేటన్నాడురా?"

చిన్నారావు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "అక్క సెప్పొద్దంది బావా... సూర్యానికొచ్చిందే..."

గీరుడు ఆగింది. వాసన పోయింది. బయట అల ఒకటి విరిగిపడింది.

"పదండిరా, ఇంటికి పోదాం." సన్యాసయ్య దీపం అందుకుని పైకెత్తాడు. వెలుగు రాట మీద పడింది.

రాట పక్కన ఇసక సాపుగా ఉంది. అరచేత్తో దిద్దినట్టు. వేళ్ల జాడలు ఇంకా చెదరలేదు.

ఒక్క మనిషి కూర్చునేంత చోటు.