తొమ్మిదో పట్టీ

తొమ్మిదో పట్టీ కూడా కరిగిపోయింది.

బామ్మ మోకాలి మీద నత్త పాకిన జాడలాంటి చార ఒక్కటే మిగిలింది. ఇంజనీరు చిన్న పట్టకారుతో దాన్ని గీకి, గాజు సీసాలో వేసి మూత బిగించింది. గోడ గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది.

"పదకొండింటికి కమిటీ కూర్చుంటుంది. ఇది ఎందుకు పోయిందో చెప్పలేకపోతే ప్రయోగం ఆపేస్తారు. పన్నెండు మందికి అంటించాం. పదకొండు మందికి పదిరోజులూ నిక్షేపంగా పనిచేసి, ఆ తర్వాతే కరిగింది. ఒక్క ఈ ఇంట్లోనే మూడోరోజుకి హరీమంటోంది."

ఈ ఇంట్లో అంటున్నప్పుడు ఆమె చూపు తిన్నగా వెళ్లి కోచ్ మీద ఆగింది.

బామ్మగారి మనవడే ఈ ఈత కోచ్. తలుపుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. మెడలో ఈల, భుజం మీద తువ్వాలు, జుట్టులోంచి ఇంకా కారుతున్న నీళ్లు. ఊళ్లో సగంమంది పిల్లలకి ఈత నేర్పినవాడు. ఈమె ఎదుటికొస్తే మాత్రం మాటల్లో మునకలు వేస్తాడు.

"నా వంక అలా చూస్తారేంటండీ?"

"ఎలా చూడమంటారు? ఈ ఇంట్లో నీళ్లోడుతూ తిరిగే మనిషి మీరొక్కరే."

"ఒళ్లు ఆరాకే వస్తానండీ ఇంటికి."

"ఓసారి కిందకి చూడండి."

చూశాడు. పాదాల చుట్టూ చిన్న మడుగు.

మంచం మీదనుంచి బామ్మ నిట్టూర్చింది. "వీడివి చిన్నప్పట్నుంచీ కప్ప చేతులేనమ్మా. ఎప్పుడూ ఆరవు."

"నువ్వు కాస్త ఊరుకో బామ్మా."

బామ్మకి మోకాలి ఆపరేషనై నెలన్నర. కాలు ఎంత వంగుతోందో కొలవడానికి ఆసుపత్రివాళ్ల అనుమతితో ఇంజనీరు అంటిస్తున్న పట్టీ అది. పట్టులోంచి తీసిన పల్చటి పొర, దాని మీద పాము మెలికల్లా సన్నటి లోహపు తీగ. కాలు వంగితే మెలికలు సాగుతాయి, చాపితే దగ్గరపడతాయి. ఆ లెక్క ఎప్పటికప్పుడు ఆమె చేతిలోని ట్యాబ్‌కి చేరుతుంది. పైన మైనపు పూత. చెమటకి ఆ పూత మెల్లగా అరిగి, పదోరోజు దాటాక పట్టీ మొత్తం కరిగి మాయమవుతుంది. పీకే పనీ లేదు, పారేసే పనీ లేదు. దాని వెనక ఆమె రెండేళ్ల కష్టం ఉంది.

పదిరోజులకోసారి రావలసిన మనిషి అలా మూడురోజులకోసారి రావడం మొదలుపెట్టింది. వచ్చినప్పుడల్లా పోట్లాటే. తువ్వాలు ఎక్కడ ఆరేస్తున్నారు? బామ్మగారి మంచం దగ్గర నీళ్ల చెంబు ఎవరు పెట్టారు? కోచ్ జవాబులు ముందురోజే బట్టీపట్టేవాడు. ఆమె వచ్చి కొత్త ప్రశ్న వేసేది. ఆమె వెళ్లిపోయాక అతనికి ఇల్లు బోసిగా అనిపించేది.

ఇవాళ ఆమె పోట్లాడటం లేదు. పట్టకారు పెట్టెలో పెట్టబోతే రెండుసార్లు అంచుకి తగిలింది. కోచ్‌కి అది కంటపడింది.

"కమిటీకి ఏం చెబితే ప్రయోగం ఆగదండీ?"

"తప్పు పట్టీది కాదని తేలాలి. ఎవరో కావాలని తడిపారని తెలిసినా చాలు."

"అయితే రాసుకోండి. నేనే."

బామ్మకి పొలమారింది.

ఇంజనీరు కలం తీసింది. "ఇన్నాళ్లూ కాదన్నారు?"

"భయమేసింది."

"తొమ్మిదిసార్లూనా?"

"మొదటిసారే భయం. తర్వాత అలవాటైపోయింది."

"నిన్న ఏం చేశారో చెప్పండి."

"పొద్దున వేణ్ణీళ్లలో గుడ్డ ముంచి బామ్మ కాలు తుడిచాను. గట్టిగా."

"పట్టీ నుంచి కబురు ఏడూ నలభైకి ఆగిపోయింది."

"ఆఁ. సరిగ్గా అప్పుడే."

ఆమె రాయలేదు. కలం మూత పెట్టేసింది. "అబద్ధం. ఏడూ నలభైకి మీరు ఈతకొలనులో ఉన్నారు. ఎర్రటోపీ పాప నీళ్లలో మొహం పెట్టనని ఏడుస్తుంటే, మీరే ముందు ముంచి బుడగలు ఊది చూపిస్తున్నారు."



"మీకెలా తెలుసు?" అన్నాడు కోచ్.

"అద్దం గోడ అవతల ఉన్నాను. ఏడూ పదికే వచ్చాను."

"పట్టీ సంగతి అడగడానికా?"

"నిన్న పొద్దున పట్టీ బాగానే ఉందిగా. అడగడానికి ఏమీ లేదు." పెట్టె గొళ్లెం అనవసరంగా తీసి మళ్లీ వేసింది. "అరగంటకి పైనే నిలబడ్డాను. ల్యాబుకి ఆలస్యమైంది. మూడోసారి ఇలా."

కోచ్ నోరు తెరిచాడు. ఒడ్డు మీంచి తిరిగి నీళ్లలో పడ్డ చేపకి కూడా అంత ఊపిరి ఆడి ఉండదు.

"తర్వాత మాట్లాడుకుందాం," అందామె గబగబా, చెవులు ఎర్రబడుతుండగా. "మిమ్మల్ని కాపాడటానికి ఇది చెప్పలేదు. తప్పుడు మాట రిపోర్టులో రాస్తే అది నా ప్రయోగమే కాదు. మీరు కాకపోతే మరి..."

సగంలో ఆగి ట్యాబ్ తెరిచింది. ఏడున్నర నుంచి ఏడూ నలభై దాకా గీత అక్కడక్కడా తెగిపోయి ఉంది.

"బామ్మగారూ, మీ కాలు అరవై డిగ్రీలు దాటి వంగదన్నారు కదా?"

"ఏం వంగుతుందమ్మా, ప్రాణం పోతుంది," అంది బామ్మ గోడకేసి చూస్తూ.

"ఆ మాట నమ్మి, అరవై దాటిన కొలతలన్నీ తప్పుడువని కొట్టేయమని ప్రోగ్రామ్‌కి చెప్పాను. నెల్నాళ్లుగా కొట్టేస్తూనే ఉంది." ఆమె వేలు తెరమీద కదిలింది. "ఇప్పుడు ఆ షరతు తీసేస్తున్నాను."

తెగిన గీత అతుక్కుంది. అతుక్కుని, కొండలూ లోయలుగా పైకి లేచింది.

కోచ్ ఆమె భుజం పక్కన వంగి చూశాడు. "ఏంటివి?"

"అడుగులు. తొంభై డిగ్రీలు వంచి మంచం దిగిన కాలు. ఇరవై నాలుగు అడుగులు. తర్వాత నాలుగు నిమిషాలు కదలిక లేదు. మళ్లీ ఇరవై నాలుగు అడుగులు వెనక్కి. ఏడూ నలభైకి చీకటి. మీ వంటగది ఎంత దూరం?"

కోచ్ లెక్కపెట్టలేదు. మంచం వైపు తిరిగాడు. "నిన్ను నెల్నాళ్లుగా చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నానే?"

"నీకూ సరదాగా ఉంటుందని," అంది బామ్మ.

బామ్మ దుప్పటి కొసని వేళ్లతో నలుపుతూ గొంతు తగ్గించింది. "మొదటిది చెమటకి పోయిందేమో, ఒట్టు, నాకు తెలీదు. ఈ పిల్ల పరిగెత్తుకొచ్చింది. వీడు ఆ రోజు చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. పదిరోజులకోసారి చూసుకుంటే మీ ఇద్దరికీ ఎప్పటికి తెమిలేది? వీడు నోరు విప్పడు. నువ్వేమో నా మోకాలి వంకే చూస్తావు. స్టవ్ మీద గిన్నెడు నీళ్లు కాచుకుని, గుడ్డ ముంచి పట్టీని రుద్దేదాన్ని, అంతే." ఆగింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నీ చదువుకి ఎసరు పెడుతున్నానని తెలీదు తల్లీ. తెలిస్తే ముట్టుకునేదాన్నా? ఆ కమిటీవాళ్ల ముందుకి నేనే నడిచొస్తాను. నడవగలనుగా."

ఇంజనీరు ఏదో అనబోయేలోపు ఫోన్ మోగింది. ఆమె ప్రయోగం చూసే పెద్ద ప్రొఫెసర్. స్పీకర్ నొక్కింది.

"ఏమ్మా, దొరికిందా కారణం? వాళ్లు అప్పుడే అడుగుతున్నారు."

"దొరికింది సార్. పట్టీలో లోపం లేదు. వేణ్ణీళ్ల గుడ్డతో మైనం రుద్దేశారు. ఆఖరి నిమిషం దాకా అది సరిగ్గానే కొలిచింది. నేనే దాని మాట కొట్టేశాను, ఆ తప్పు నా పేరున రాయండి. కాలు తొంభై వంగుతోంది సార్, అందరికంటే ముందు."

"బతికించావు. సరే, రుద్దింది ఎవరో కూడా ఉండాలి రిపోర్టులో. ఆ ఇంటబ్బాయేనా?"

కోచ్ తువ్వాలు భుజం మీదనుంచి జారింది. తీసుకోలేదు. ఇంజనీరు అతని వైపు చూసింది. ఈసారి తడి కోసం వెతకలేదు. తర్వాత మంచం అంచున కూర్చుని, దుప్పటి నలుపుతున్న ఆ ముడతల చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"కాదు సార్," అంది. "మా బామ్మ."