కాటా గోతిలో మూడు తట్లు

నమ్మనివాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు. కుర్చీ చప్పుడు చేయకుండా వెళితే చాలు. కూర్చునేవాళ్ళకి మాత్రం ఒక మాట ఇస్తున్నాను. సాక్షి పేరు చెప్పి మరీ కథ ఆపుతాను. సాక్షి లేని కథ చెప్పే అలవాటు నాకు పుట్టి బుద్ధెరిగాక లేదు.

పాత ఇనుము కోసే యార్డులో ఒక కట్టరు ఉండేవాడు. పాముచెవి అనేవారు. ఆ పేరు పెట్టింది అతని బావ, అంటే అక్క మొగుడు. ఊరికే పెట్టలేదు. మూత బిగిసిన డ్రమ్మును సుత్తితో తట్టి, లోపల నూనె ఉందో నీళ్ళున్నాయో, ఎన్ని వేళ్ళ లోతుందో చెప్పేవాడు. ఒకసారి ఓడ బాయిలరు తట్టి, లోపల ఎలుక ఉంది, అదీ కడుపుతో ఉంది అన్నాడు. కోసి చూస్తే ఏడు పిల్లలు. ఆరే అని వాదించేవాళ్ళున్నారు. ఏడోది దూకి పారిపోయింది, వాళ్ళు చూసుకోలేదు.

ఆ యార్డులో ఒక కట్టడి ఉండేది. మూసి ఉన్న దేన్నైనా మంటతో కోసేముందు సుత్తితో మూడుసార్లు తట్టాలి. చెవి ఆనించి ఆగాలి. ట్యాంకు లోపల మట్టి గీకేవాడెవడైనా ఉంటే రెండుసార్లు తడతాడు. ‘ఉన్నాను, కోయొద్దు’ అని దానర్థం. బయటివాళ్ళకి ఈ సంగతి తెలీదు. కట్టర్లకే తెలుసు. బావకి తెలుసు. బావ మొదట అక్కడే పనిచేసి, తర్వాత సామాన్లు మోసే పెద్ద విమానం మీద మెకానిక్కుగా చేరాడు.

పద్దెనిమిదేళ్ళ కిందట ఒక మంచు పొద్దున ఆ విమానం ఎక్కాడు. మళ్ళీ దిగలేదు.

కొండ వెనక మంట లేచిందన్నారు రాళ్ళు కొట్టేవాళ్ళు. వారం తిరక్కుండానే, మేమేం చూళ్ళేదు బాబూ అన్నారు. పై ఆఫీసు నుంచి అక్కకి ఒక కాగితం వచ్చింది. విమానమేదీ కూలలేదట. సరుకుతో సహా దాన్ని సరిహద్దు దాటించి అమ్ముకున్నారట, అందులో మెకానిక్కుకీ చెయ్యి ఉందట. ఆ రోజు నుంచి అక్క వీధిలో విమానం దొంగ పెళ్ళాం అయింది. బొట్టు పెట్టుకుంటే మొగుడి జాడ తెలుసన్నారు, తీసేస్తే నాటకమన్నారు.

ఆమె ఒక్కటే అడిగేది తమ్ముణ్ణి. "నిజం చెప్పరా. కొండ వెనక పడి ఉంటే నీకు వినపడకుండా ఉంటుందా?"

"వినపడేది అక్కా," అనేవాడు పాముచెవి.

వీధంతా అదే మాట. పడి ఉంటే వాడికి వినపడదూ! ఆఫీసు కాగితం కంటే ఆ చెవి మీదే జనానికి గురి ఎక్కువ. అలా నమ్మి నమ్మి అక్క కూడా చివరికి మొగుణ్ణి దొంగే అనుకుంది.

కూతురు మాత్రం అనుకోలేదు. కోర్టులో టైపిస్టు ఆ పిల్ల. తండ్రి నోటు పుస్తకంలోంచి విమానం నంబరు తీసి, ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. యార్డు మూసేస్తున్నారని, లారీలు తూచే కాటా పలక లేపితే దాని కింద గోతిలో ఏదో వెండిలా మెరిసిందని క్రేను డ్రైవరు చెప్పగానే, మధ్యాహ్నం భోజనం మానేసి మేనమామ ఇంటికొచ్చింది.

"మామయ్యా, లే. నీ సుత్తి తీసుకో."

"మోకాళ్ళు లాగుతున్నాయే. వానొచ్చేలా ఉంది."

"కోసేది చేత్తోగా, మోకాళ్ళతో కాదుగా?"

అక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆమె వద్దని ఉంటే తప్పించుకునేవాడే.

యార్డులో మనుషుల్లేరు. వాన మొదలయ్యేసరికి క్రేను డ్రైవరు గొలుసు బిగించి గేటు గదిలోకి పోయాడు. కాటా పలక గాల్లో వేలాడుతూ కిర్రుమంటోంది. దాని కింద గొయ్యి. నిచ్చెన దిగేకొద్దీ వెలుగు తగ్గి, తడి సిమెంటు వాసన, తుప్పు వాసన... వాటి వెనక ఇంకో వాసన. మాడిన రబ్బరుది. పద్దెనిమిదేళ్ళయినా పోలేదు.

టార్చి వెలుగులో కనిపించింది. విమానం తోక ముక్క. చిన్న గదంత ఉంటుంది. రెండు కొసలూ నలిగి, పిండి పిసికి మూసినట్టు మూసుకుపోయి ఉంది. పక్కన రివెట్లతో బిగించిన నంబరు రేకు. పిల్ల కొంగుతో తుడిచి, నోటు పుస్తకం పక్కన పెట్టి చదివింది. ఒక్కొక్క అంకె. చివరి అంకె మీద ఆమె వేలు ఆగింది.

"ఇదే. ఇదే మామయ్యా."

"మరింకేం. రేకు ఊడదీసుకుని పోదాం పద."

"రేకు సంతలో కొన్నావంటారు. ఇక్కడికి ఎలా వచ్చిందో చూసినవాడు కావాలి." సంచీలోంచి కోర్టులో ఇచ్చే వాంగ్మూలం కాగితం తీసింది. అంతా టైపు చేసి ఉంది. కింద ‘సాక్షి’ అన్నచోట ఖాళీ. "నువ్వు ఆ రోజుల్లో ఇక్కడే ఉన్నావుగా?"

"సెలవులో ఉన్నాను," అన్నాడు.

పిల్ల టార్చిని రేకు మీంచి తోక ముక్క మీదికి తిప్పింది. "సరే. కొయ్యి. లోపలేముందో చూద్దాం."

పాముచెవి యార్డులోంచి దించుకున్న గ్యాసు బర్నరు వెలిగించాడు. వేలంత నీలి మంట.

"మూడు తట్టవా?"

"పాత ఇనుముకి తట్లెందుకే."

"నాన్న చెప్పేవాడు. ఆ కట్టడి తప్పని మనిషి మా బావమరిది ఒక్కడే అనేవాడు."

పాముచెవి మంట తగ్గించి సుత్తి తీశాడు. ఠక్. ఠక్. ఠక్.

వాన చప్పుడు. పైన గొలుసు కిర్రు...

ఏమీ లేదు. అతను ఊపిరి వదిలాడు.

"ఆ రోజు కూడా తట్టావా మామయ్యా?" గుసగుసగా అడిగింది పిల్ల.

"తట్టలేదు."

ఠక్... ఠక్.

లోపలినుంచి.

పిల్ల వెనక్కి తూలింది. పాముచెవి కదల్లేదు. అతనికి వాన వినపడటం మానేసింది. ఆనాటి పొద్దు వినపడింది. టార్పాలిన్లు కప్పిన లారీలు. టోపీలు లేవుగానీ అందరి బూట్లూ ఒక్కలాగే మెరుస్తున్న మనుషులు. రెక్కలు కోశాడు, ఇంజన్లు కోశాడు, ఎక్కడివని అడగలేదు. చివరగా ఈ ముక్క దించారు. మూడు తట్టాడు. రెండు వచ్చాయి. ఆ రెండు తట్టడం కట్టరుకి తప్ప ఎవరికీ తెలీదు. విమానంలో ఉన్న కట్టరు బావ ఒక్కడే.

"ఏంటి?" అన్నాడు బూట్లవాడు.

లోపల మనిషున్నాడని చెబితే బయటున్న మనిషిని బతకనిస్తారా? "ఆవిరి ఉంది సార్. కోస్తే పేలుతుంది," అన్నాడు. కోయకుండా కాపాడాననుకున్నాడు. రాత్రికొచ్చి విప్పుదామనుకున్నాడు. వాళ్ళు దాన్ని అప్పుడే కాటా గోతిలోకి దించి, పైన పలక మూసి, నాలుగు రోజులు కాపలా కూర్చున్నారు. నాలుగు రోజులూ పాముచెవి ఆ పలక మీదుగా నడిచాడు. కాళ్ళకింద రెండేసి తట్లు. లోహం చల్లారుతోంది అనుకున్నాడు. ఐదో రోజు లోహం చల్లారింది. ఆ రోజే అతన్ని మేస్త్రీని చేశారు.

"మామయ్యా! ఎవరో ఉన్నారు! కొయ్యి!"

కోశాడు. జన్మలో అంత వేగంగా కోయలేదు, అంత వంకరగానూ కోయలేదు. రేకు ముక్క లోపలికి పడింది. టార్చి వేశారు.

ఎవరూ లేరు. ఎముక ముక్క లేదు, బట్ట పేలిక లేదు. బొటనవేలు దూరే సందు కూడా ఎక్కడా లేదు. గోడల నిండా సొట్టలు మాత్రం ఉన్నాయి. రెండేసి, రెండేసి... కప్పు దాకా, చెయ్యందని చోట కూడా.

ఎదురుగోడ మీద మేకుతో గీసిన అక్షరాలు. తండ్రి రాత పిల్లకి తెలుసు. గీతలు మసకబారలేదు, ఇప్పుడే గీసినట్టున్నాయి. చివరి అక్షరం కింద లోహపు పొడి ఇంకా సన్నగా రాలుతోంది.

పిల్ల పైకి చదివింది. ఒక్కో మాటకీ గొంతు చల్లబడుతూ వచ్చింది.

"బయట మూడు తట్లు విన్నాను. ఆ చెయ్యి నాకు తెలుసు. రెండు తట్టాను. ఆగాడు. విన్నాడు."

ఆ తర్వాతి మాట ఆమె చదవలేదు. మేనమామ వైపు చూడను కూడా లేదు. సంచీలోంచి కాగితం తీసి, మోకాలి మీద పెట్టుకుని, గోడ మీదున్న ఆ చివరి మాటను ఉన్నట్టు ‘సాక్షి’ పక్క ఖాళీలో రాసింది.

మాటిచ్చాను కదా, ఇదిగో.

సాక్షి: పాముచెవి.