గోడలో ఆఖరి రాయి

"ఇదేంది టీచరమ్మా, నా పనికి పంచరు షాపు బోర్డు రాస్తాండావు?"

ఇరమ్ బ్రష్ పక్కన పెట్టి వెనక్కి తిరిగింది. జమ్మలమడుగులో ఆమె డ్రాయింగ్ చెప్పే బడి అది. పాలిష్ ఫ్యాక్టరీలు పారేసిన కడప బండ ముక్కలతో, మూడు నెలలుగా ఫర్హాన్ దాని ముందు గోడ మీద గండికోట లోయను నిలబెడుతున్నాడు. పక్కనే పిల్లల కోసం ఆమె రాస్తున్న బోర్డు మీద మొదటి మాట, 'అతుకుల కళ'.

"తప్పేముంది?"

"మీ నాయన అన్న మాటే బోర్డెక్కించినావు గదా."

వారం కిందట ఫర్హాన్ తల్లి మహబూబ్‌బీ ప్రొద్దుటూరు పోయి, అక్కడ టైలరు పని చేసే ఇరమ్ తండ్రి అబ్దుల్ సలాంను పిల్లనడిగింది. మెడలో టేపు తీయకుండానే ఆయన, "రాళ్ళు అతికేవానికి నా బిడ్డను యాడిచ్చేది?" అన్నాడు. "నువ్వు పొద్దంతా మిషను మీద చేసేది ఏంది అబ్బా? ముక్కలు కలిపేదే గదా," అంది అక్కడే ఉన్న ఇరమ్, తండ్రితో. ఆయన కాసేపు పెడల్ తొక్కి తొక్కి, "గోడ సూసినాంక చెప్తా," అన్నాడు. రేపే వస్తున్నాడు.

"కింద ఏం రాసినానో సదువు," అంది ఇరమ్. "కొలాజ్ ఫ్రెంచి మాట. జిగురుతో అంటించడం అని అర్థం."

"జిగురు పూసినందుకే అంత పేరా?"

"మాంటాజ్ అంటే ఒకదాని పక్కన ఒకటి అమర్చడం. ఇంగ మొజాయిక్..."

"అది నాకు చెప్పాకు. ప్రొద్దుటూరులో సగం ఇండ్లకు మొజాయిక్ నేల మా నాయనే ఏసినాడు."

"ఆ మాట గ్రీకుల కళాదేవతల పేరు నుంచి వచ్చిందంటారు."

ఫర్హాన్ తాపీ దించాడు. "మా నాయన ముప్పై ఏండ్లు మోకాళ్ళ మీద కూచోని రుద్దింది దేవతల పనా? ఒక్కరన్నా చెప్పలేదే."

నవ్వుతూనే అన్నాడు గానీ, తర్వాత చాలాసేపు ఆమె వైపు చూడలేదు.

సన్నగా చినుకులు మొదలయ్యాయి. ఇద్దరూ చెరో కొస పట్టుకుని పచ్చి సిమెంటు మీదికి ప్లాస్టిక్ పట్టా లాగారు. దాని కింద నిలబడేందుకు చోటు కొంచెమే ఉంది. గోడ మీది బొమ్మలో పెన్నా నీళ్ళు మలుపు తిరిగే దగ్గర అరచెయ్యంత ఖాళీ ఆమె కంట పడింది.

"ముక్క దొరకలేదా? ఒకదాన్ని కోసి పెట్టొచ్చు గదా."

"నేను రాయిని కొయ్యను. యాభై తిప్పి చూస్తా, ఒకటి కుదురుతాది. అది దొరికింది, నా జేబులో ఉంది. ఆఖరి రాయి మేం పెట్టం. ఇంటోళ్ళు పెట్టాల. మా నాయన కాడ్నుంచి అదే వాడుక."

"బడికి ఇంటోళ్ళెవరు?"

"నేనూ అదే ఆలోచన చేస్తాండా," అన్నాడు. ఈసారి ఆమె వైపే చూశాడు.

మర్నాడు అబ్దుల్ సలాం ప్రొద్దుటూరు బస్సు దిగాడు. ముందు బోర్డు నిదానంగా చదివాడు. తర్వాత గోడ దగ్గరికి పోయి, చొక్కా కుట్టు చూసినట్టు బొటనవేలితో రాయికీ రాయికీ మధ్య సందును తడిమాడు. పైనుంచి కిందికి, మళ్ళీ పక్కకు. వేలు ఎక్కడా తట్టుకోలేదు. ఖాళీ దగ్గర ఆగింది.

"ఈడ మర్సిపోయినావే."

"మర్సిపోలేదు చాచా. అది ఇంటోళ్ళు పెట్టే రాయి." ఫర్హాన్ జేబులోంచి రాయి తీసి, రెండు చేతులతో ఆయనకే ఇచ్చాడు.

ఆయన రాయిని అటూ ఇటూ తిప్పి అంచులు చూశాడు. "కోసినట్టు లేదే."

"లేదు చాచా. ఎట్లుండేది అట్లనే."

అబ్దుల్ సలాం ఖాళీని చూశాడు, రాయిని చూశాడు. కూతురి చెయ్యి పట్టుకుని అందులో పెట్టాడు.

"పెట్టమ్మా. ఇంగ ఈ పిల్లోని ఇంటోళ్ళంటే నువ్వే గదా."

ఫర్హాన్ పూసిన సిమెంటు మీద ఇరమ్ రాయిని ఆనించింది. అది ఎవరూ నొక్కకుండానే తన చోట్లో కూర్చుంది.

అప్పుడే, ఆ పొద్దే బడిలో కొత్తగా చేరిన హెడ్మాస్టరు బయటికొచ్చి, "ఎవరండీ చేసింది? శానా బాగుంది," అన్నాడు.

అబ్దుల్ సలాం మెడలో లేని టేపును సర్దుకున్నాడు.

"అతుకుల పని సార్," అన్నాడు, ఒక్కో మాటా నొక్కి. "మా అల్లుడు చేసినాడు."