లోపలోళ్ల గాలి

సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికి రాగానే గిరిధర్ చేసే మొదటి పని కాళ్లు కడుక్కోవడం కాదు, కారు బానెట్ ఎత్తడం. ఎయిర్ ఫిల్టర్ బయటికి తీసి, వాకిట్లో ఉన్న రాయి మీద మెల్లగా తట్టేవాడు. నల్లటి బొగ్గు పొడి, దానితో కలిసి బూడిద. చంద్రపూర్ గాలి ఎట్లాంటిదో ఆ గుప్పెడు కుప్పను చూస్తే తెలిసిపోయేది. ఒక్కరోజు తట్టకపోతే మర్నాడు కారు ఆయాసపడుతుంది. ఇంట్లో కూతురు అక్షరకూ అదే గాలి, అదే ఆయాసం. ఇద్దరికీ ఊపిరి అందించే పని తన నెత్తినే పడిందని మొదట్లో నవ్వుకునేవాడు. ఈ మధ్య నవ్వే ఓపిక కూడా పోయింది.

అది మామూలు కారు కాదు. థర్మల్ స్టేషన్‌లో కొత్త బాయిలర్ బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజినీరు ఓడలో తెప్పించుకున్నది. బయటి దేశాల వాళ్లకు తలుపులు బార్లా తెరిచిన కాలం కదా, మనుషులు వచ్చారు, వాళ్ల వెంట సరంజామా కూడా వచ్చింది. ఆయన తిరిగి వెళ్తూ దాన్ని వేలానికి వదిలేస్తే, అదే స్టేషన్‌లో ఇంజినీరైన గిరిధర్ ముచ్చటపడి కొన్నాడు. దాని ఇంజిన్‌కు సూపర్‌ఛార్జర్ ఉంది. ఇంజిన్ తనంతట తాను పీల్చుకునే గాలి చాలదన్నట్టు, బెల్ట్‌తో తిరుగుతూ ఇంకాస్త గాలిని బలవంతంగా లోపలికి నెట్టే బ్లోయర్ అది. యాక్సిలరేటర్ తొక్కితే కూ...మని సన్నగా మొదలై, గొంతు పెంచుకుంటూ పోతుంది.

ఆ ముచ్చట ఒక్క ఎండాకాలంలో తీరిపోయింది. మే నెలలో వేడిగాలి మింగి ఇంజిన్ టకటకా కొట్టుకునేది. వానల్లో బురదనీళ్లు చిమ్మి బెల్ట్ కీచుమనేది. అది అరిగిపోతే నాగ్‌పూర్ అంతా తిరిగినా ఆ కొలతది దొరకలేదు. చివరికి బల్లార్‌పూర్‌లో ఒక పిండిగిర్ని బెల్ట్ తెచ్చి సర్దాడు. “కారు కొన్నవా, రెండో సంసారం పెట్టినవా గిరీ?” అని తోటి ఇంజినీరు నాగేశ్వర్ ఆటపట్టించేవాడు. అమ్మేద్దామంటే మనసు ఒప్పదు. అక్షరకు ఆయాసం ఎప్పుడు కమ్ముకొస్తుందో తెలియదు, పెద్దాసుపత్రి దూరంగా ఊళ్లో ఉంది. ఒకసారి ఆటో దొరికేలోపు పిల్ల పెదాలు నీలంగా మారిపోయాయి. ఆ రంగు గిరిధర్ మరిచిపోలేదు.

కంపెనీ క్వార్టర్ ఇంకా రాలేదు. మూతపడిన పాత బొగ్గుగని పక్కన, గనివాళ్లు ఖాళీ చేసిపోయిన కాలనీలో అద్దెకున్నారు. పక్కింట్లో నర్సక్క. ఆమె భర్త ఇస్తారి ఆ గనిలోకి షిఫ్టుకు దిగి మళ్లీ పైకి రాలేదు. లోపల అంటుకున్న మంటను ఊపిరాడకుండా చంపడానికి గాలి ఆపేసి, గని నోటికి గోడ కట్టేశారు. లోపలున్నవాళ్లు లోపలే ఉండిపోయారు. నర్సక్క మాత్రం ఇప్పటికీ దీపాలు పెట్టే వేళకు బకెట్ నిండా వేడినీళ్లు కాచి గడప బయట పెడుతుంది. గని ఇళ్లల్లో అది రివాజు. షిఫ్టు దిగిన మనిషి వాకిట్లోనే బొగ్గు మసి కడుక్కుని లోపలికి రావాలి. కాసేపయ్యాక, ఎవరూ ముట్టని ఆ తేట నీళ్లను బొప్పాయి చెట్టు మొదట్లో పోసి తలుపేసుకుంటుంది.

కారు చప్పుడు వినగానే నర్సక్క బయటికి వచ్చేది. కళ్లు మూసుకుని వినేది. ఏమిటని గిరిధర్ ఒకనాడు అడిగాడు.

“ఫ్యాన్ సప్పుడు బిడ్డా. గని లోపలికి గాలి పంపే పెద్ద ఫ్యాన్ గిట్లనే మోగుతుండె. అది మోగుతుంటెనే మాకు నిద్రవట్టేది. ఆగిందంటె కాలనీ అంత లేచి గని దిక్కు ఉరికేటోళ్లం.”

గిరిధర్‌కు జాలేసింది. అప్పుడే ఇంకో మాట నోటిదాకా వచ్చి ఆగింది. గని పక్క దారిలో వచ్చిన రోజుల్లో కారు సరిగా లాగడం లేదు. సరిగ్గా ఆ గోడ ముందు కూత పెరుగుతుంది, బలం తగ్గుతుంది. బెల్ట్ చూశాడు. గొట్టాలు చూశాడు. ఏ తప్పూ దొరకలేదు. బొగ్గు మసి ఎక్కువుండే దారి అది. అయినా ఆ దారిన వచ్చిన సాయంత్రం ఫిల్టర్ విప్పితే పొడి రాలలేదు. తెల్లగా ఉంది. తడిగా ఉంది. గోరువెచ్చగా ఉంది... చాలాసేపు నోటికి అడ్డం పెట్టుకున్న రుమాలులాగ.

చివరికి ఒకనాడు ఆ సంగతి చెబితే నర్సక్క ముఖం వెలిగిపోయింది.

“లోపలోళ్లు గాలి పంచుకుంటున్నరు,” అంది మెల్లగా.

గిరిధర్ నవ్వేశాడు. ఆ దారిన పోవడం మాత్రం మానేశాడు.

శ్రావణంలో ముసురు పట్టింది. ఆ సాయంత్రం మబ్బుల వల్ల ముందుగానే చీకటి పడింది, కరెంటు పోయింది. అక్షరకు ఆయాసం మొదలైంది. మందు పీల్చినా దిగలేదు. భార్య అనసూయ పిల్లను ఒళ్లో వేసుకుని వెనక సీట్లో కూర్చుంది. పెద్దరోడ్డు మీద వంతెన మునిగిందని ఎదురొచ్చిన లారీవాడు చేత్తో సైగచేసి వెనక్కి పంపాడు. ఇక మిగిలింది గని దారే.

వాన. వైపర్ల చప్పుడు. తడిసిన బొగ్గు వాసన. వెనక అక్షర ఊపిరి కొట్టుకుంటున్న చప్పుడు. గిరిధర్ భుజాలు లాగుతున్నాయి. ఇన్నాళ్లు ఈ కారును సాకింది ఈ ఒక్క సాయంత్రం కోసమే అనుకున్నాడు, గట్టిగా తొక్కాడు.

గోడ కనిపించింది.

కూత పెరిగింది. కారు నెమ్మదించింది. ఎంత తొక్కినా అంతే... నడకకు వచ్చింది... ఆగిపోయింది. ఇంజిన్ తిరుగుతూనే ఉంది.

“పిల్లకు ఊపిరి అందుతలేదు... జెల్ది నడపుండ్రి...” అని అరిచింది అనసూయ.

కూత పెరిగిన కొద్దీ అక్షర ఊపిరి చిన్నదవుతోంది. గిరిధర్‌కు కూడా ఛాతీ బిగుసుకుంది. కారు లోపల గాలి పలచబడింది. ఎవరో అంతా పీల్చేస్తున్నట్టు... ఒక్కరు కాదు.

తాళం తిప్పి ఇంజిన్ ఆపేశాడు.

ఇంజిన్ ఆగింది. కూత ఆగలేదు.

వానలోకి దిగి బానెట్ ఎత్తాడు. టార్చి వెలుగులో ఇంజిన్ కదలకుండా ఉంది. దాని పక్కన బ్లోయర్ తిరుగుతూనే ఉంది. బెల్ట్ పరిగెడుతూనే ఉంది. గోడ అవతల దగ్గు వినిపించింది. పొడి దగ్గు. ఇంకొకటి. ఆ వెనక, చాలా కింద నుంచి, చాలా గొంతులు ఒక్కసారే లోపలికి గాలి తీసుకున్న చప్పుడు...

“ఆపకు...” గోడ సందుల్లోంచి ఎవరో గుసగుసగా అన్నారు. “ఆపకు భాయ్...”

గిరిధర్‌కు ఏడుపొచ్చింది. భయంతో కాదు, వాళ్ల మీద జాలితో. వెనక సీట్లో పిల్ల పెదాలు గుర్తొచ్చాయి. టూల్ డబ్బాలోంచి చాకు తీసి, తిరుగుతున్న బెల్ట్ మీద నొక్కిపట్టాడు. అరచెయ్యి తెగింది. బెల్ట్ తెగింది.

నిశ్శబ్దం. వాన ఒక్కటే. వెనక సీట్లో అక్షర పెద్దగా ఊపిరి తీసింది.

బ్లోయర్ తిరగని కారు ముక్కుతూ మూలుగుతూ ఆసుపత్రి చేరింది. రెండో రోజు డాక్టరు పిల్ల ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. ఎప్పుడూ ఆయాసం లేని పిల్లలాగ శుభ్రంగా ఉందన్నాడు. గిరిధర్ వరండాలో బల్ల మీద కూలబడి, సిగ్గు లేకుండా ఏడ్చాడు.

ఇంటికొచ్చాక కారును షెడ్‌లో పెట్టి, తెగిన బెల్ట్‌ను మేకుకు తగిలించాడు. నర్సక్క దగ్గరికొచ్చి కట్టు కట్టిన అతని చేతిని చూసింది. “ఆపినవా బిడ్డా?” అని మాత్రం అడిగింది. అతను ఆ చేతిని వెనక్కి తీసుకున్నాడు.

కొన్నాళ్ల తర్వాత దీపాలు పెట్టే వేళ, గిరిధర్ వాకిట్లో కుర్చీలో కునుకుతున్నాడు. చాలా నెలల తర్వాత పట్టిన కమ్మటి నిద్ర.

కూ...

ఉలిక్కిపడి లేచాడు. షెడ్‌లోకి పరిగెత్తాడు. బానెట్ చల్లగా ఉంది. బెల్ట్ మేకుకే వేలాడుతోంది.

చప్పుడు ఇంట్లోంచి వస్తోంది.

గదిలో అక్షర మంచం మీద నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ముఖం ప్రశాంతంగా, బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. అనసూయ మంచం కోడు పట్టుకుని నిలబడిపోయింది.

“ఊపిరి వదుల్తలేదు,” అంది గుసగుసగా. “లోపలికే పోతున్నది... పోతనే ఉన్నది...”

గిరిధర్ వంగి కూతురి ఛాతీ మీద చెవి పెట్టాడు. కూత. అదే గొంతు. దాని అడుగున, ఎక్కడో లోతుగా, నిచ్చెన మెట్ల మీద చాలా కాళ్ల చప్పుడు. తడిసిన బొగ్గు వాసన.

పిల్లను లేపడానికి చెయ్యి చాచాడు. చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. ఆనాడు బెల్ట్ కోస్తే ఆగింది. ఇప్పుడు ఆపితే, కూత ఒక్కటే ఆగుతుందా?

బయట నీళ్లు ఒంపిన చప్పుడైంది. కిటికీలోంచి చూశాడు. నర్సక్క బొప్పాయి చెట్టు మొదట్లో బకెట్ ఒంపుతోంది. నీళ్లు నల్లగా, చిక్కగా పారుతున్నాయి. వెనక ఆమె పొయ్యి మీద ఇంకో గుండిగ నీళ్లు మరుగుతున్నాయి. ఆమె ఇంట్లో, దీపం వెలుగులో, ఎవరో కంచం ముందు కూర్చుని ఉన్నారు.

నర్సక్క తలెత్తి గిరిధర్‌ను చూసింది. తడి చేతులు రెండూ జోడించింది.

“ఇప్పుడే లేపకు బిడ్డా,” అంది. “మా ఆయన ఒక్కడే ఎక్కిండు... మిగిలినోళ్లందరు ఇంక కిందనే ఉన్నరు.”